జీవమణి శ్రుతి

అబ్బాసియా స్కూలు హాలు, శుక్రవారం నాలుగింటికి.
మూడు గంటలకు నలభై దినార్లు.
తాళంచెవి ఉన్న వాచ్‌మన్‌ని వెతకడంలోనే
తొమ్మిది దినార్లు కరిగిపోయాయి.

ఊరి నుంచి తెచ్చిన కీబోర్డు ప్లగ్గుకు గుండ్రటి కాళ్ళు,
ఇక్కడి గోడకు చదరపు కళ్ళు.
రెంటికీ రాజీ కుదిర్చే అడాప్టరు మస్తాన్ జేబులో ఉంది.
మస్తాన్ ఇంకా సాల్మియాలోనే,
లిఫ్టు చెడిపోయిన బిల్డింగులో
నాలుగో అంతస్తుకు నీళ్ళ క్యాన్లు మోస్తున్నాడు.

మా రిహార్సల్ ఎలా ఉంటుందో చెప్తాను.
రాత్రి పదకొండు దాటాక
పెంచలయ్య ఇస్త్రీ షాపు షట్టరు సగం దించుతాడు.
పైన ఈజిప్టు మాస్టారు నిద్రపోతుంటాడు కాబట్టి
నేను ప్యాడ్ మీద కాదు,
ఎవరిదో మడత పెట్టిన దుప్పటి మీద వాయిస్తాను.
దుప్పటి మీద నా అంతవాడు లేడు.
చప్పుడు బయటికొచ్చిన రోజే
అసలు సంగతి తెలుస్తుంది.

సువర్ణరాజు గిటారు డిక్కీలో గంటసేపు ఉడికింది.
ఏసీ తగలగానే ఆరు తీగలూ
లేబర్ క్యాంపులో ఆరు దేశాల వాళ్ళలా
ఎవరి భాష వాళ్ళు మాట్లాడుతున్నాయి.
వాటిని ఒక మాటమీదికి తెస్తుండగా
జీవమణి దగ్గర్నుంచి మెసేజ్:
"చుట్టాలొచ్చినారు. మేడమ్ పంపదంట."

అంతే. సారీ కూడా లేదు. ఎందుకు చెప్పాలి?

ఆరు వారాలు ఆమె గొంతుకి సరిపోయేలా నేర్చుకున్న పాట.
ఒక్క బటన్ నొక్కితే కీబోర్డు కిందికి దిగుతుంది,
సువర్ణరాజు వేళ్ళు దిగవు.
అతనికి తెలిసిన తీగల పట్లు నాలుగే,
నాలుగూ జీవమణివే.
ఎవరు పాడతారంటే అందరం కార్పెట్ వైపు చూశాం.
అప్పుడే తడిసిన చొక్కాతో
అడాప్టరు పట్టుకుని మస్తాన్ లోపలికి వచ్చాడు.
పాపం, ఆలస్యమైనవాడు కదా, కాదనలేకపోయాడు.

మాకిచ్చింది నలభై నిమిషాలు.
సన్మానాలూ ఉపన్యాసాలూ తినగా మిగిలింది పదకొండు.
ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎవరో
టీ ఫ్లాస్కు పెట్టారు, దాన్ని తీయించడానికి ఒకటి పోయింది.
మైకు కీచుమంది.
ముందు వరసలో ఒక పాప చెవులు మూసుకుని
పాట అయ్యేదాకా చేతులు తియ్యలేదు.

స్టేజీ మీద మా వాయింపు మాకు వినపడదు.
వెనక గోడకు తగిలి తిరిగొచ్చే నా దెబ్బ
అరక్షణం ఆలస్యంగా,
నాకంటే బద్ధకస్తుడెవడో నా వెనక కూర్చుని
వాయిస్తున్నట్టు వినిపిస్తుంది.
సువర్ణరాజు బూటు వైపే చూస్తూ వాయించాను.
ఆ బూటు ఆడితే తాళం, ఆగితే దేవుడే దిక్కు.
జేబులో నా ఫోన్ మూడుసార్లు వణికింది:
మా మేడమ్. పిల్లలు మాల్ గేటు దగ్గర.

అనుపల్లవిలో పై స్వరం దగ్గర
మస్తాన్ గొంతు చేతులెత్తేసింది.
పెంచలయ్య ఫ్లూటు బటన్ నొక్కి
పడిపోతున్నవాణ్ణి జబ్బ పట్టుకుని లేపినట్టు
ఆ ఒక్క ముక్కా దాటించాడు.
చప్పట్లు కొట్టారు.
తర్వాతిది పిల్లల డాన్సని అనౌన్స్ చేసినందుకేమో.

ఒక శాలువా, ఐదు బిర్యానీ పొట్లాలు.
నలుగురం.
ఐదోది ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ మాట్లాడలేదు.
చివరికి మస్తానే తిన్నాడు. మెట్లెక్కినవాడు.

నేను తినకుండానే బండి తీశాను.
పాట మొదలయ్యే ముందు సువర్ణరాజు
ఆమెకు ఫోన్ కలిపి
స్పీకర్ పెట్టె మీద పెట్టాడట, నాకు తెలీదు.
ఇప్పుడు ఆమె వాయిస్ మెసేజ్,
వెనకాల గిన్నెల చప్పుడు, కుళాయి నీళ్ళు:
"రెండో చరణంలో పరిగెత్తినారు మీరు.
అంత తొందర ఏమొచ్చింది?"

మాల్ ముందు ఎర్ర లైటు.
స్టీరింగు మీద రెండు వేళ్ళతో
రెండో చరణం మళ్ళీ వాయించి చూశాను, నిదానంగా,
ఆమె ఊపిరి తీసుకునే చోట ఆగి.

నిజమే.

వెనక నుంచి హారన్లు.